ధనమ్మ ఇడ్లీ బండి

"నాకు శాలువా వద్దు. ధనమ్మక్క బండి ఎక్కడ?"

మైకులో రాహేలు గొంతు ఖంగుమంది. తెనాలి సన్మాన సభ బిత్తరపోయింది.

రాహేలు రేపల్లె పంతులుగారి అమ్మాయి. పేరుమోసిన ఆర్థికవేత్త. తోపుడు బళ్ళు పట్టణానికి అడ్డం కాదు, ఆదాయం అని మొదట్లోనే తేల్చి చెప్పిన మనిషి. "బండి పేదవాడికి మొదటి మెట్టు. అది తీసేస్తే పైకెక్కేదెలా?" అని పెద్ద పెద్ద కమిటీల్లో మంత్రులను నిలదీసింది.

ఆ పరిశోధన మొదలైంది ఇక్కడి స్టేషన్ రోడ్డులోనే, ధనమ్మ ఇడ్లీ బండి పక్కన స్టూలు వేసుకుని. "ముందు తిను పిల్లా, తర్వాత అడుగుదువుగాని" అనేది ధనమ్మ.

ఇన్నేళ్లకు మళ్ళీ వచ్చి చూస్తే ఆ రోడ్డు మీద ఒక్క బండీ లేదు. అంచుల వెంట బ్లీచింగ్ పౌడర్ గీతలు. బళ్ళుండే చోట కార్లు. వెనక కొత్త ఏసీ హోటల్. రాహేలుకు ఒళ్లు మండిపోయింది.

"నేను వస్తున్నానని తీసేశారా?"

"లేదండి, పోయిన నెలే తీశామండి. ఫిర్యాదు వచ్చిందండి" అన్నాడు వేదిక మీదున్న మున్సిపల్ అధికారి పున్నారావు.

"ఎవరు, ఆ హోటల్ వాళ్ళా?"

పున్నారావు మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "కాస్త మెల్లగా మేడం. ఇవాళ భోజనాలు కూడా వాళ్ళవేనండి."

"సిగ్గు లేదూ! బళ్ళు పీకించినవాళ్ళ కూడు నేను తినాలా? చదువుకునే రోజుల్లో మీలో ఎంతమంది ఆ బండి దగ్గర కడుపు నింపుకోలేదు? ఏరు దాటాక తెప్ప తగలేస్తారా? ధనమ్మక్కను పిలిపించండి. ఆవిడకు క్షమాపణ చెప్పండి. శాలువా ఆవిడ కప్పితేనే కప్పించుకుంటాను!"

చప్పట్లు కొట్టబోయినవాళ్ళు మొదటి వరుస వైపు చూసి చేతులు దించేశారు.

ఆ వరుసలోంచి పట్టుచీర కట్టిన పెద్దావిడ లేచి మెల్లగా మెట్లెక్కింది. రాహేలు పోల్చుకుంది. కోపంలోనే కళ్ళు చెమర్చాయి.

"అక్కా! నీ బండి పీకించిందెవరో చెప్పు. అందరి ముందూ కడిగేస్తాను."

"నా బండినెవరూ పీకలేదమ్మా," అంటూ ధనమ్మ శాలువా కప్పింది, "మిగతావాళ్ళ బళ్ళే, మా హోటలుకి అడ్డమని నేనే తీయించాను."