చుట్టుదారి

"ఎడమకి తిప్పండి" అంది భార్య.

అతను కారు ఆపాడు గానీ స్టీరింగు తిప్పలేదు. రోడ్డు అక్కడ రెండుగా చీలింది. తిన్నగా పోతే చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. ఎడమకి పోతే కొండల్లో రాతి తోరణం. బోర్డు మీద బాణం గుర్తు బాగానే ఉంది. ఎంత దూరమో రాసినచోట మాత్రం తుప్పు పట్టింది.

"నేను గ్రానైట్ షాపు నడుపుకునేవాణ్ణి. పొద్దస్తమానం రాళ్ళే చూస్తాను. ఒక్క రోజు షాపు మూసి కారెక్కితే మళ్ళీ రాయేనా?"

"అది రాయి కాదండీ, తోరణం."

"దేంతో కట్టారు, పూలతోనా?"

"ఎవరూ కట్టలేదు. గాలీ వానా కలిసి కొండని అలా తొలిచాయి. అందుకే చూడాలంటున్నాను."

వెనక సీట్లో అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఉదయమే కంటి డాక్టరు పరీక్ష చేసి, ఇక చూపు తగ్గడమే గానీ పెరగడం ఉండదని, చూడాలనుకున్నవి ఇప్పుడే చూసేయమని చెప్పేశాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఒక్కటే అడిగారు, ఆ తోరణం మన దారిలోనే కదూ అని. పెళ్ళయిన కొత్తలో మామగారు ఆవిణ్ణి తీసుకెళ్ళి చూపించిన చోటు అది.

"ఆ దారి నిండా గుంతలే. టైరు పంక్చరైతే అడిగే నాథుడుండడు. అయినా ఆ తోరణం ఎక్కడికి పోతుంది? లక్షల ఏళ్ళుగా ఉన్నది వచ్చే నెలా ఉంటుంది" అన్నాడతను.

"అది ఉంటుందండీ. అమ్మ చూపుంటుందా?"

అతను మళ్ళీ తుప్పు పట్టిన ఆ బోర్డు వంక చూశాడు.

"ఎందుకే అతన్ని విసిగిస్తావు?" అని కూతుర్ని మందలించారు అత్తగారు. "పోనివ్వండి బాబూ. ఇంటికెళ్ళి మన వంటింటి గట్టు దగ్గర కూర్చుంటాను. మీరు వేయించిన ఆ గులాబీ రంగు రాయి, దాని మీద పాలు ఒలికినట్టు ఆ తెల్లచారలు. అది చూస్తే చాలు నా కళ్ళకి."

"అదీ మాట!" అతను పొంగిపోయాడు. "అలాంటి రాయి మళ్ళీ దొరకదత్తయ్యా. సరుకు దిగీ దిగగానే మొదటి పలక మనింటికే కోయించాను."

భార్య మాట్లాడలేదు. ఆమె పోరితే అతను ఎంతసేపయినా భరించగలడు గానీ మాట్లాడకపోతే క్షణం తట్టుకోలేడు. నిట్టూర్చి కారు ఎడమకి తిప్పాడు.

కారు గుంతలో పడ్డ ప్రతిసారీ 'చూశావా' అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చుంది. వెనకనుంచి అత్తగారు ఒకటే కబుర్లు. "దాని కింద నించుంటే ఆకాశానికి గుమ్మం పెట్టినట్టుంటుంది బాబూ. మీ మామగారేమో, తలుపులు మర్చిపోయారే అని ఒకటే నవ్వు!" అతనికీ నవ్వొచ్చింది. పైకి ఒప్పుకోలేదు గానీ, చివరి మలుపు దగ్గర అతనే ఆత్రంగా మెడ చాచాడు.

కారు దిగారు. ఎదురుగా రెండు మొండి గోడల్లాంటి రాళ్ళు, వాటి మధ్య ఖాళీ ఆకాశం. చుట్టూ బూడిదరంగు దుమ్ము, దుమ్ములో లారీ టైర్ల జాడలు.

"ఏదే అమ్మాయ్ తోరణం?" అత్తగారి గొంతు వణికింది. "నాకేం కనిపించట్లేదే! అప్పుడే నా కళ్ళు పోయాయా?"

కూతురు తల్లిని గట్టిగా పట్టుకుంది.

"మీ కళ్ళు పోలేదత్తయ్యా" అన్నాడతను. "తోరణమే పోయింది."

గుడిసెలోంచి కాపలావాడు వచ్చాడు. "ఎప్పుడో పేల్చేశారండీ. ముక్కలు కోసి లారీలకెత్తి తీసుకుపోయారు. ఆ మిగిలిన రాళ్ళకే నా కాపలా."

అల్లుడి ఒళ్ళు మండిపోయింది. ఇందాక టైర్ల గురించి వాదించిన మనిషి ఇతనేనా అన్నట్టు అరిచాడు. "వీళ్ళు మనుషులేనా? అసలు కోసినవాణ్ణి కాదు, కొన్నవాణ్ణి తన్నాలి! కొనేవాడు లేకపోతే ఎవడు కోస్తాడు?"

భార్య అతని వంక మెచ్చుకోలుగా చూసింది. పెళ్ళయ్యాక అతను తన పక్షాన ఇంత గట్టిగా మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఒక్క ముక్క ఏరిపెట్టండి బాబూ" అన్నారు అత్తగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. "ఆయన గుర్తుగా ఇంట్లో పెట్టుకుంటాను."

అతను వంగి అరచేతిలో పట్టేంత ముక్కని ఏరాడు. దుమ్ము పట్టి అన్నిటిలాగే బూడిదరంగులో ఉంది. షాపుకి ఏ కొత్త రాయి వచ్చినా అతను చేసే మొదటి పని దాని మీద నీళ్ళు పోయడం. పాలిష్ పెట్టని రాయి తడిస్తే గానీ అసలు రంగు చూపదు. ఆ అలవాటు కొద్దీ, ఆలోచించకుండానే, కారులోంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా దాని మీద వంచాడు.

దుమ్ము కారిపోయింది. సీసాలో మిగిలిన నీళ్ళన్నీ బూట్ల మీద పోతున్నా అతనికి తెలియలేదు. చటుక్కున పిడికిలి మూసి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు గానీ, అప్పటికే అత్తగారు చేయి చాచి ఆ ముక్క అందుకున్నారు.

ఆవిడ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. తెల్లచార వెంట బొటనవేలితో రాసి చూశారు. ముఖం వెలిగిపోయింది.

"నా కళ్ళకేం కాలేదే అమ్మాయ్, బ్రహ్మాండంగా కనిపిస్తోంది! ఇది మన వంటింటి గట్టు!"