గెంతే సూది

"మళ్లా తప్పే," అన్నాడు పద్మనాభయ్య, భూతద్దం మీంచి తలెత్తకుండానే. "నువ్వు రాసిందొకటి, సూది చూపేదొకటి. నేను వంగి చూసిన ప్రతిసారీ ఇదే వరస."

కరుణాకుమారి తను రాసిన అంకెను మళ్లీ చూసుకుంది. ఏ అంకెనైనా రెండుసార్లు చూశాకే రాసే అలవాటు ఆమెది.

అది 1958. దేశదేశాల వాళ్లూ కూడబలుక్కుని భూమి అయస్కాంతాన్ని కొలుస్తున్న ఏడు. పులికాట్ సరస్సు ఒడ్డున ఇసకలో వేసిన డేరాలో సన్నటి సూది దారానికి వేలాడుతోంది. పద్మనాభయ్య నెల్లూరు నుంచి వచ్చిన ఆఫీసరు. సరస్సులోని ఇరకం దీవి పల్లెబడిలో ఎనిమిది చదివిన కరుణాకుమారి, గంటగంటకూ సూది ఎటు చూపుతోందో రాసే పనిలో చేరి పది రోజులు.

"ఇనుము ఏదో లోపలికి వస్తా ఉండాది. జడపిన్నులు తీసినావా?"

"ఇంట్లోనే పెట్టొచ్చినా సార్."

ఇనుమంటే ఆయనకు మహా పట్టింపు. తన గడియారం, తాళాలు, బెల్టు రోజూ దూరంగా పెట్టెలో పెట్టేవాడు. మొదటిరోజు డేరా గుంజలు పాతడానికి వచ్చిన ముత్యాలయ్య నడుముకున్న ఇనప ముక్కను కూడా విప్పించాడు.

"శని పట్టకుండా కట్టుకున్నా సామీ," అన్నాడు ముత్యాలయ్య.

"ఇనప ముక్కకు జడిసే శని, పట్టినా నిన్నేం చేస్తాడులే," అని నవ్వి, పద్మనాభయ్య చొక్కా కిందికి లాక్కున్నాడు.

ఇప్పుడాయన నవ్వడం లేదు.

"రెండొందల ఏళ్ల నాడు లండన్లో ఒక గడియారాల పనివాడు సూదిని వెయ్యిసార్లు చూసినాడు. పొద్దుతో పాటు మెల్లగా జరిగి తిరిగొస్తుందని కనిపెట్టినాడు. నీ సూదేమో గెంతుతోంది. రేపూ ఇంతే అయితే నువ్వు ఇంటికి పోవాల్సిందే."

"రేపొక్కరోజు నన్ను ఒంటిగా వదలండి సార్."

ఆ పది రోజుల్లో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మర్నాడు ఆయన తపాలా కోసం సూళ్లూరుపేట పోయి, పొద్దువాలుతుండగా తిరిగొచ్చాడు. గంటగంట అంకెలకు చుక్కలు పెట్టి ఆమె కలిపిన గీతను చూశాడు. దక్షిణాది అయస్కాంత పరిశీలన కేంద్రం వాళ్లు నమూనాగా తపాలాలో పంపిన గీతను సంచిలోంచి తీసి పక్కన పెట్టాడు. పొద్దున తూర్పుకు ఒరిగి, మధ్యాహ్నం పడమరకు మళ్లి, సాయంత్రానికి తన చోటికి చేరిన గీత. రెండూ ఒకటే. ఎక్కడా గెంతు లేదు.

"ఇదమ్మా గీతంటే," అన్నాడు. ఢిల్లీకి పోయే కాగితం మీద తన చేత్తోనే రాశాడు: 'పరిశీలకురాలు: కరుణాకుమారి, ఇరకం.'

ఆమె ఆ పేరును కూడా రెండుసార్లు చూసుకుంది.

"ఇంతకీ ఈరోజు ఏ ఇనుము తీసేసినావు? అదీ రాయాల."

"నేనేం తీయలేదు సార్. మీరు వంగితే సూది మీ పక్కకు తిరుగుతుంది. మీరు పోతే తన చోటికి వస్తుంది. పది రోజులూ చూసినా. ఈరోజు మీరు రాలేదు, అంతే."

"నా దగ్గరేముంది? అన్నీ పెట్టెలోనే..."

పద్మనాభయ్య చెయ్యి చొక్కా కిందికి, తన మొలతాడుకు వాళ్లమ్మ కట్టిన ఇనప ఉంగరం మీదికి పోయింది.