ఆరు రూపాయల నడవడి

ఆ నెల పాస్టరు సత్యానందం గారు ఏసమ్మ ఇంటికి పింఛను తేలేదు. పుస్తకం తెచ్చారు.

నల్ల అట్ట పుస్తకం. అరవై దాటిన విధవరాళ్లకి మిషను ఇచ్చే పింఛను నిబంధనలన్నీ అందులో ఉన్నాయి. ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయిన దొరసాని రాసిపెట్టిన పుస్తకం అది. ఏసమ్మకీ అందులో ఒక వరుస ఉంది: "ఏసమ్మ, విధవరాలు, నడవడి మంచిది." ఆ వరుస పుణ్యాన నెలకి ఆరు రూపాయలు వస్తున్నాయి. యుద్ధం వచ్చి బియ్యం ధర కొండెక్కింది. ఆ ఆరూ ఆగిపోతే ఏసమ్మ పొయ్యి మీదకి కుండ ఎక్కదు.

విధవరాలన్న మాట మీద ఎవరికీ అనుమానం లేదు. దూరాన కూలికి వెళ్లిన మొగుడు అక్కడే పోయాడన్న కబురుతో, ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ ఈ ఊరికి తెల్లచీరతోనే వచ్చింది. చిక్కల్లా నడవడి దగ్గరే వచ్చింది.

రెండు నెలల కిందట ఒక ముసలాయన ఆమదాలవలసలో రైలు దిగి, కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుని, ఊళ్లోకి నడుచుకుంటూ వచ్చాడు. బర్మా మీద బాంబులు పడితే అడవుల వెంట ప్రాణాలతో బయటపడ్డ జనంలో ఒకడు. ఏసమ్మ గుమ్మం ముందు ఆగి మంచినీళ్లు అడిగాడు. నీళ్లిచ్చింది. అన్నం పెట్టింది. అంతే, ఆ మనిషి మళ్లీ అరుగు దిగలేదు.

పాస్టరు గారి వెనకాలే దేవమణి కూడా వచ్చింది. పింఛను జాబితాలో ఏసమ్మ తర్వాత పేరు ఆవిడదే. ఏసమ్మ పోతేగానీ, పాడైపోతేగానీ తన వంతు రాదు. పోయే సూచనలు మాత్రం ఇన్నేళ్లుగా కనబడలేదు.

"అయ్యగారూ, నాను సెప్పకూడదు గానీ, నిన్న నా కళ్లతో సూసినాను. సేపలో ముళ్లు ఏరి మరీ ఆ ముసిలోడి కంచంలో ఏస్తన్నాది. సచ్చిపోయిన నా మొగుడికి నానెప్పుడైనా అలాగ ఏరి పెట్టినానా?"

"పెట్టుంటే ఇంకో నాలుగేళ్లు బతికీవోడేమో వదినా," అంది ఏసమ్మ. "ఆ మనిషికి కళ్లు ఆనవు. ముల్లు గొంతులో దిగితే నువ్వొచ్చి తీస్తావేటి?"

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "ఏసమ్మా, ఆ పెద్దాయన నీకేమవుతాడు?"

ఏసమ్మ ఒకసారి అరుగు వైపు చూసింది. ఒకసారి పుస్తకం వైపు చూసింది.

"ఏటీ అవడండి."

అరుగు మీద ముసలాయనకి పొలమారింది. చుట్ట పారేసి చాలాసేపు దగ్గాడు.

"ఏమీ కాని మగవాణ్ణి ఇంట్లో పెట్టుకోవడం పాపం కదమ్మా. ఇద్దరూ పెళ్లి చేసేసుకోండి. వచ్చే ఆదివారం నేనే చేస్తాను. పైసా ఖర్చుండదు."

దేవమణి ముఖం వెలిగిపోయింది. "సేసీసుకోవే! పుణ్యముంటాది. నా పట్టుకోక నానిస్తాను కట్టుకోడానికి."

"పెళ్లాడితే పింఛనొస్తాదా అయ్యగారూ?"

పాస్టరు గారు కాగితం తిప్పారు. "మొగుడున్న మనిషికి విధవ పింఛను ఎలా ఇస్తారమ్మా? రద్దు."

"పోనీ పాపమే అనుకోండి. పాపానికేటి రాసుందో సూడండి."

పాస్టరు గారు చాలాసేపు వెతికారు. దొరసాని దాని గురించి కూడా రాసింది. అరవై దాటినవాళ్లెవరూ అంత పని చెయ్యరన్న ధైర్యంతో కాబోలు, మరీ ఉదారంగా రాసింది. తప్పు చేసిన విధవరాలు సంఘం ముందు నిలబడి తన నోటితో ఒప్పుకోవాలి. మూడు నెలలు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. ఆ మగవాడు వేరేచోట పడుకోవాలి. ఒప్పుకున్నదాని పింఛను మాత్రం ఆపకూడదు, ఆకలి మనిషిని మళ్లీ పాపంలోకి దింపుతుంది.

ఆయన రెండుసార్లు చదువుకున్నారు. రెండోసారి కూడా అలాగే ఉంది.

"బడి వరండాలో పడుకుంటాడు లెండి," అంది ఏసమ్మ. "కూటికి ఇక్కడికి రావచ్చునా?"

"ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమని వాక్యమే ఉంది," అన్నారు పాస్టరు గారు నీరసంగా.

"అయితే మరేటి! ఒప్పీసుకుంటాను."

"ఒసే ఒసే, సిగ్గు నేదేటే నీకు!" అని నెత్తి బాదుకుంది దేవమణి. "పెళ్లాడవే తల్లీ, నీ కాళ్లట్టుకుంటాను!"

ఆదివారం చర్చి కిటకిటలాడింది. క్రిస్మస్‌కి కూడా రానివాళ్లు పక్క ఊళ్ల నుంచి బళ్లు కట్టించుకుని వచ్చారు. ఏసమ్మ ముసుగు సవరించుకుని ముందుకొచ్చి నిలబడింది.

"పాపం సేసినాను. సమించండి."

"ఎవరితో?" పాస్టరు గారు కలం సిరాలో ముంచారు.

"అదిగో, ఎనక గోడకి ఆనుకున్న ఆ మనిషితోటి."

"అలా అంటే కుదరదమ్మా. పుస్తకంలోకి ఎక్కాలి. పేరు చెప్పు."

ఏసమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. అంతవరకూ తొణకని మనిషికి ముఖమంతా చెమట పట్టింది.

"ఆ మనిషినే అడగండయ్యా. సెప్తాడు."

"ఒప్పుకోవలసింది నువ్వు. నీ నోటితోనే రావాలి."

"సూసినారా, ఇప్పుడొచ్చింది సిగ్గు!" అంది దేవమణి, ముందు వరుసలోంచి ఆశగా.

జనం మెడలు సాచారు. ఏసమ్మ పెదవులు కదులుతున్నాయి గానీ మాట పైకి రావడం లేదు. పాస్టరు గారు కాసేపు చూసి, కలం పక్కన పెట్టి, పుస్తకం మూయబోయారు.

"నూకయ్య," అంది ఏసమ్మ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పెళ్లయిన నలభై రెండేళ్లలో మొగుడి పేరు ఆవిడ నోటితో పలకడం అదే మొదటిసారి.