డిప్యూటీ గవర్నరు జీవిత విశేషాలు

“ఆపండి, ఆపండి! ఈ వాక్యం ఎవరు రాశారమ్మా?”

డిప్యూటీ గవర్నరు మౌ తింగ్‌యువాన్ చేతిలోని కాగితాన్ని బల్లమీద పడేశాడు. కెమెరా పక్కన నిలబడ్డ టీవీ దర్శకురాలు షాంగ్ లి తల పట్టుకుంది.

“మళ్లీ ఏమైంది మౌ గారూ?”

మౌ గారట! ముప్పై ఏళ్లుగా అందరూ హోదా పెట్టి పిలిచిన మనిషిని పట్టుకుని! ఆయనకు ఒళ్లు మండింది. పొద్దుటినుంచీ అన్నీ చిరాకులే. టీ కాగితం కప్పులో ఇచ్చారు, అదీ చల్లారిపోయింది. జుట్టుకు నల్లరంగు వేయమంటే, ఇలాగే సహజంగా ఉంటుందన్నారు. గోడలన్నిటికీ మెత్తటి స్పాంజి అతికించడంతో తన గొంతు తనకే పీలగా వినిపిస్తోంది. వెనక నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లయితే బాత్రూముకి వెళ్లినా వెంటే వస్తున్నారు.

“మనిషి కథ ఎక్కడైనా ఇలా మొదలవుతుందా? బడిపంతులుగా చేశాను. జిల్లా అధికారినయ్యాను, మేయర్నయ్యాను. కొండమీది ఊళ్లకు రోడ్లు వేయించాను. అవన్నీ ముందు రావాలి. వాటికంటే ముందు మా అమ్మ రావాలి. ‘నేను పేద రైతు బిడ్డని’ అని మొదలుపెడతాను.”

“ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లూ అలాగే మొదలుపెడతారండీ! జనం విసుగెత్తి ఛానెల్ మార్చేస్తున్నారు.”

“వాళ్ల అమ్మలు వేరు, మా అమ్మ వేరు! ఇంట్లో ఉన్న ఒక్క పందినీ అమ్మి నన్ను కాలేజీకి పంపింది. నేను టీవీలో కనబడుతున్నానంటే చాలు, పొద్దుతిరుగుడు గింజలు వేయించి వీధి వీధంతటినీ పిలుస్తుంది. ఈ ఆదివారం ఇది టీవీలో వేసినప్పుడూ పిలుస్తుంది. ఐదు నెలలైంది నన్ను చూసి. రాజధానిలో ఏదో పెద్ద శిక్షణలో ఉన్నాననుకుంటూ ఉంటుంది.”

షాంగ్ లి బల్లమీది కాగితాన్ని తీసి ఆయన చేతికిచ్చింది.

“సరే, మొదటి వాక్యం మీ అమ్మగారిది. రెండోది మాత్రం కాగితంలో ఉన్నదే చెప్పాలి. దాన్ని తీసేసే అధికారం నాకు లేదు.”

“పోనీ, దాన్ని కాస్త మెత్తగా...”

“పొద్దుటినుంచీ చేస్తున్నది అదేగా! మాటలు మార్చారు, వరస మార్చారు, కుర్చీ బాగాలేదన్నారు, టీ బాగాలేదన్నారు. ఇక నావల్ల కాదు బాబూ! ఇప్పుడు చెబుతారా, రేపటికి వాయిదా వేయమంటారా?”

రేపంటే మళ్లీ ఈ గోల మొదటినుంచీ. మౌ లేచి, బెల్టు లేక జారుతున్న ప్యాంటును పైకి లాక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

“అమ్మా, ఉన్న ఒక్క పందినీ అమ్మి నన్ను చదివించావు.”

గొంతు బాగానే పలికింది. ఇరుగుపొరుగు వాళ్లను “ష్, మా అబ్బాయి!” అని కసురుతూ అమ్మ తెరవైపు వంగడం ఆయన కళ్లకు కట్టింది. కాగితంలో రెండో వాక్యం నిండా బరువైన సర్కారు మాటలు. అవి ఆవిడకు అర్థం కావు. కాగితాన్ని పక్కన పెట్టేసి, ఆవిడకు తెలిసిన భాషలోనే చెప్పాడు.

“అమ్మా, లంచాలు తిని దొరికిపోయాను.”