మగ్గం మూలకు దండం

దుర్గవ్వ దండం పెట్టనిదే ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. చూపు పోయిన ఆ ముసలమ్మ రోజూ మాపటికి మగ్గం మూలకు తిరిగి, "అన్నం బెట్టినవు తల్లీ, సల్లగుండు" అంటుంది. కొడుకు, కోడలు, పిల్లలు ఆమె వెనకే అనాలి. నూలు కోటా రాక మగ్గం ఆగి ఏడాదైనా ఆ మాట ఆగలేదు.

మెట్‌పల్లిలో ముసురు విడవడం లేదు. ఎవరింట్లోనూ ఎండు కట్టె లేదు. అయినా ఆ సాయంత్రం వాళ్ల పొయ్యి భగభగ మండింది, మక్క గట్క ఉడికింది.

"దండం పెట్టుకుందాం, రాండ్రి" అంటూ దుర్గవ్వ మూలకు తిరిగింది.

కొడుకు దశరథం పిల్లల వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. మూలన ఇప్పుడు మగ్గం కింది గుంట తప్ప ఏమీ లేదు. అందరూ ఆ గుంటకే చేతులు జోడించారు.

దుర్గవ్వ మాత్రం దండం పెట్టలేదు. గాలి పీల్చి చూసింది.

"పొయ్యిల ఏం బెట్టినవ్ రా?"

"తడి కట్టెలే అవ్వా."

"తడి కట్టెకు నూలుకు పెట్టే గంజి వాసనెట్లొస్తది కొడుకా? ఎన్నేండ్ల గంజి తాగిన కొయ్యరా అది!"

దశరథం తల వంచుకున్నాడు. "దాన్ని కొనేటోడు సుత దొరకలే అవ్వా. పోరగాండ్లు పొద్దటి సంది ఏం తినలే."

ముసలమ్మ కూర్చున్న చోటే మెల్లగా జరిగి, మొహానికి వేడి తగిలిన వైపు చేతులు జోడించింది.

"అందరు గిటు తిరుగుండ్రి. ఇయ్యాల సుత మనకు బువ్వ పెట్టింది అదే."