బాలింత దాహం

"బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు ఉబ్బిపోద్ది. సెంబు కింద పెట్టు," అంది అత్త దేముడమ్మ.

పావని పెట్టలేదు. కాన్పులో నెత్తురు బాగా పోయి, అనకాపల్లి ఆస్పత్రి నుంచి ఆ ఉదయమే ఇంటికొచ్చింది. నాలుక పిడచకట్టుకుపోతోంది.

"పోయిన నెత్తురు మళ్ళీ పట్టాలంటే ముందు నీళ్ళు కావాలని నర్సు సెప్పింది. గుడ్లూ ఆకుకూరా తినమంది. మీరొద్దన్నా తింటానత్తా," అని చెంబెత్తి గటగటా తాగేసింది.

దేముడమ్మ మంచం అంచున కూర్చుండిపోయింది.

"నీ మొగుడు పుట్టినప్పుడు నాకూ ఇలాగే నోరెండిపోయింది. అడిగితే ఎవరూ ఇవ్వలేదు. పశువుల తొట్లో నీళ్ళు దొంగతనంగా తాగేను. ఇన్నేళ్ళూ తప్పు సేసేననుకున్నాను," అంది.

తర్వాత కొంగు బిగించి లేచింది.

"ఇంకా ఏటేటి తినమందో సెప్పు. ఎవరేటంటారో నాను సూసుకుంటాను."