మోత చేసే గ్రైండర్

షాపతను కాఫీ గింజలు వేసి నాలుగు కరెంటు గ్రైండర్లూ ఆడించాడు. నాలుగింటిలోనూ పొడి ఒకేలా వచ్చింది. మామగారు అన్నిటికన్నా ఎక్కువ మోత చేసేదాన్ని ఎంచుకున్నారు.

"అది రోడ్డు రోలరు, మామయ్యా! అత్తయ్య మంచం మీంచి పడతారు," అంది కోడలు.

"లేవాలనేగా!"

"పొద్దున్నే పాపం, ఆవిడ మీద ఏం పగ?"

"పగేమిటమ్మా? ముప్పై ఏళ్లు కాఫీ వాసనకే నిద్ర లేచింది. మొన్నటి జ్వరంతో ముక్కు పనిచెయ్యడం మానేసిందిగా. అలారం పెడితే విసుక్కుంటోంది. కాఫీ వస్తోందని తెలిస్తే నవ్వుతూ లేస్తుంది."

కోడలు షాపు బయటికి వెళ్లి, వంటింటికీ పడకగదికీ ఉన్నంత దూరంలో నిలబడింది.

"ఇప్పుడు ఆడించండి!" అని కేకేసింది.

షాపతను స్విచ్చి వేశాడు.

"వినిపిస్తోంది మామయ్యా! పొడి ఇంకాస్త మెత్తగా పెట్టించండి, ఇంకొంచెంసేపు మోగుతుంది."